ఇల్లు కట్టి చూపినవారు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అనునది మన తెలుగువారి ఇండ్లలో తరతరములుగా వినవచ్చుచున్న సామెత. ఈ రెండు కార్యములలోను ఖర్చు మొదట అనుకొన్న హద్దులో నిలువదనియు, ఆ కష్టము చేసినవానికే తెలియుననియు దాని తాత్పర్యము. అయితే ఈ సామెత చెప్పుకొనువాడు ఎంతో కొంత ఉన్నవాడు. కట్టుటకు జానెడు స్థలమును, అప్పు పుట్టుటకు కొంత పరపతియు ఉన్నవాడే కట్టి చూడగలడు. దినకూలిపై బ్రదుకుచు, ఒక్క గదికి అద్దె ఇచ్చుకొనలేక కాలము వెళ్ళబుచ్చువాని సంగతి ఈ సామెతలో లేదు. అట్టివాని కొరకు ఇల్లు కట్టి చూపినవారు చరిత్రలో కొందరు కలరు. వారిని లోకము ఏ విధముగ గౌరవించినది? ఆ గౌరవములలో నిలిచినదేది, నిలువనిదేది? ఈ ప్రసంగమున మనము విచారింపబూనిన విషయ మిది.

మన పూర్వులు సప్తసంతానములని ఏడింటిని లెక్కించిరి. పుత్రుడు, తటాకము, వనము, దేవాలయము, అగ్రహారము, కృతి, ధననిక్షేపము అను నీ ఏడును మనుజుని పేరును అతని అనంతరము నిలుపునని వారి విశ్వాసము. అగ్రహారము పండితులకు. వీనికి తోడు పుణ్యాత్ములు కట్టించిన సత్రములు బాటసారులకు. పేదవాని కాపురమునకు ఇల్లు అనునది ఆ పట్టికలో కానరాదు. దానికి కారణము లేకపోలేదు. పల్లెటూరిలో తాటాకు, వెదురు, మన్ను చేతికందు దూరములో నుండెడివి. నలుగురు చేయివేసిన నాలుగు దినములలో పాక లేచెడిది. ఆ పాక నిలిచిన నేల తనది కాకపోవుటయు, ఊరికి వెలుపల నుండవలసి వచ్చుటయు వేరు బాధలు. అవి చిన్నవి కావు. కాని తల దాచుకొనుటకు వారము వారము అద్దె చెల్లింపవలసిన బాధ మాత్రము నగరముతో పుట్టినది. కనుక ఈ చరిత్ర నగరముల చరిత్రయే.

మొదట జర్మనీ దేశములోని ఆగ్స్‌బర్గు నగరమునకు పోవుదము. పదునారవ శతాబ్ది ప్రారంభమున అచ్చట యాకోబ్ ఫుగ్గరు అను వర్తకుడుండెను. చక్రవర్తులకే అప్పులిచ్చిన ధనికుడాయన. తన నగరములోని బీదపనివారి కొరకు ఆయన చిన్న చిన్న ఇండ్ల వరుసలు కట్టించి, 1521లో ధర్మపత్రము వ్రాయించెను. దానికి ఫుగ్గరై అని పేరు. అద్దె ఏడాదికి ఒక్క గుల్డెను నాణెము. అందు కాపురముండువారు దాత కుటుంబము కొరకు దినమునకు మూడు ప్రార్థనలు చేయవలెనని నియమము. సంగీత ప్రపంచమున ప్రఖ్యాతుడైన మోజార్టు ముత్తాత, తాపీపనివాడైన ఫ్రాంజ్ మోజార్టు, అచ్చటనే నివసించెను. రెండవ ప్రపంచయుద్ధములో 1944లో బాంబులు పడి ఆ ఇండ్లు చాలవరకు ధ్వంసమయ్యెను, మరల కట్టిరి. ఐదు వందల యేండ్లు గడచినను అద్దె పెరుగలేదు. ఆనాటి గుల్డెనుకు సమానముగ నేడు లెక్కకట్టిన మొత్తము ఏడాదికి ఒక్క యూరోకైనను నిండదు.

ఫుగ్గరు తనకు కావలసిన గౌరవమును తానే షరతుగా వ్రాసికొనెను. ఆ ప్రార్థనల ఫలమెట్టిదో మనము చెప్పజాలము. పేదవాడు కృతజ్ఞతను అద్దెతోపాటు చెల్లింపవలసి వచ్చుట కొందరికి రుచింపకపోవచ్చును. కాని ఒక్క సంగతి గమనింపదగినది. ఫుగ్గరు అప్పులిచ్చిన చక్రవర్తుల సామ్రాజ్యము అంతరించినది. ఆయన గనులు, కోఠీలు చేతులు మారినవి. ఆయన పేరు సామాన్యుని నోట నేటికిని నిలుచుటకు కారణము ఆ పెరుగని అద్దెయే.

ఇక లండను నగరము. 1801లో సుమారు పది లక్షలైన అచ్చటి జనసంఖ్య 1861 నాటికి ఇరువది యెనిమిది లక్షలయ్యెను. రైలు కంపెనీలు స్టేషనుల కొరకు, పట్టాల కొరకు పేదల ఇండ్లను పడగొట్టెను. ఇల్లు పోయినవారు పనికి దగ్గరగా నుండవలెను గనుక ప్రక్క వీధిలోని ఇండ్లలోనే ఇరుకుకొనిరి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము; ఒక్కొక్కచో గది మూలలు సైతము అద్దెకు పోయెడివి. కలరా పలుమార్లు ఆ నగరమును పీడించెను. ఇట్టి స్థితిలో అమెరికా దేశమునుండి వచ్చి లండనులో స్థిరపడిన జార్జి పీబడీ అను వర్తకుడు 1862లో లండను పేదల మేలునకై లక్షా యేబదివేల పౌనుల నిధిని ప్రకటించెను. పిమ్మట ఇచ్చినదానితోను, మరణశాసనము వలన వచ్చినదానితోను కలిసి ఆ నిధి ఐదు లక్షల పౌనులయ్యెను. 1864లో స్పిటల్‌ఫీల్డ్సు పేటలో మొదటి భవనము తెరువబడినది.

లోకము పీబడీని గౌరవించిన తీరు అసామాన్యము. లండను నగరము ఆయనకు పౌరసత్వ గౌరవమొసగెను. విక్టోరియా రాణి బిరుదము నీయజూపగా ఆయన వలదనెను. అంతట ఆమె తన చిత్రపటమును కానుకగా పంపెను. 1869 జులైలో, ఆయన బ్రదికియుండగనే, రాయల్ ఎక్స్‌ఛేంజి చెంత ఆయన విగ్రహమును యువరాజు ఆవిష్కరించెను. ఆ సంవత్సరము నవంబరు 4వ తేదీన ఆయన మరణించగా దేహమును కొంతకాలము వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో నుంచి, తరువాత బ్రిటిష్ యుద్ధనౌక యైన మోనార్కుపై అమెరికాకు చేర్చిరి. ఆయన జన్మించిన పట్టణము అంతకు పూర్వమే, 1868లో, తన పేరును పీబడీ అని మార్చుకొనెను. దాతకు ఇంతకు మించిన మర్యాద జరుగుట అరుదు.

అయితే ఆ భవనములలో చేరినవారెవరు? పోలీసులు, అచ్చుకూటపు పనివారు, సామాను మోయువారు మొదలైన స్థిరమైన జీతముగలవారు. నియమములు కఠినముగ నుండెను. రాత్రి వేళ మించిన పిమ్మట ద్వారములు మూసెడివారు. టీకాలు వేయించుకొననివారికి ప్రవేశము లేదు. గోడలకు రంగు వేసికొనుటకు అనుమతి లేదు. రేవులో పని దొరికిన దినము తిని, దొరకని దినము పస్తుండు కూలివానికి ఆ గదులు అందలేదు. పీబడీ సంస్థ నేటికిని కలదు. 2022లో మరియొక గృహసంస్థ దానితో చేరిన పిమ్మట లక్షకు పైగా గృహములు దాని అధీనములో నున్నవి. ఆయన చేసినది కొద్ది పని కాదు. కాని విగ్రహము లేచిననాటికి అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయెను: అట్టడుగువాని మాట యేమి?

ఆ ప్రశ్నను చేతబట్టుకొని బయలుదేరినది ఆక్టేవియా హిల్ అను స్త్రీ. ఆమె 1838 డిసెంబరు 3వ తేదీన విస్‌బీచ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ధాన్యపు వర్తకుడు. 1840లో దివాలా తీసెను. మాతామహుడైన డాక్టరు సౌత్‌వుడ్ స్మిత్ నగరముల ఆరోగ్యము కొరకు పాటుపడిన వైద్యుడు. ఆయన సంరక్షణలో పెరిగి, పదునాలుగవ యేటనే ఆమె లండనులో బొమ్మలు చేయు పేదపిల్లల పనిగదికి పెద్ద యయ్యెను. ఆ పిల్లల వెంట వారి ఇండ్లకు పోయి ఆమె చూచినది మురికివాడల బ్రదుకు. ప్రసిద్ధ రచయిత యగు జాన్ రస్కిన్ కొరకు చిత్రములకు నకళ్ళు వ్రాయుచు, పాఠములు చెప్పుచు ఆమె కుటుంబపు అప్పులు తీర్చుటలో పాలుపంచుకొనెను. అప్పుతీర్చుట యన నేమో ఎరిగినది గనుకనే అద్దె బాకీ యన నేమో కూడ ఆమెకు తెలియును.

1864లో రస్కిన్ తండ్రి మరణించగా ఆయనకు పెద్ద ఆస్తి సంక్రమించెను. 1865లో మేరిల్‌బోన్ ప్రాంతమున పారడైజ్ ప్లేస్ అను సందులో మూడిండ్ల కౌలును 750 పౌనులకు కొని ఆమె చేతికిచ్చెను. సందు పేరునకు స్వర్గస్థలమని అర్థము. లోపల చూచిన నరకము. మెట్ల ప్రక్కనుండు కొయ్య పట్టుగోడలను చలికాలమున కాపురస్థులు పొయ్యిలో పెట్టుకొనిరి. కప్పు కారుచుండెను. నీటితొట్టి చిల్లిపడి, నీరు వచ్చిన వేళ పట్టుకొనుటకు కుండ లేనివారికి ఆ దినమునకు నీరు లేదు. ఆమె మొదట చేసిన పని క్రొత్త భవనము కట్టుట కాదు. ఉన్న ఇంటిని ఉండదగినదిగ చేయుట. మురుగుకాలువ, నీరు, కప్పు, కిటికీ అను నీ నాలుగింటిని బాగుచేయించి, ఉన్నవారిని ఉన్నచోటనే ఉంచెను.

ఆమె పద్ధతిలోని కీలకము లెక్కలో నున్నది. పెట్టుబడి పెట్టినవారికి నూటికి ఐదు వంతున ఆదాయము ముట్టవలెనని రస్కిన్ పెట్టిన నియమము. అది ధర్మముగా గాక వ్యవహారముగా నడచినయెడల ఇతరులును అనుసరింతురని ఆయన తలంపు. ఆ ఐదు పోగా మిగిలినది ఆ ఇండ్లకే ఖర్చు చేయవలెను. మరమ్మతుల నిమిత్తము కొంత మొత్తము నిర్ణయించి, అందులో మిగిలినదానితో ఏమి చేయింపవలెనో కాపురస్థులనే ఆమె అడిగెడిది. కిటికీ పగులకున్న ఆ సొమ్ముతో అలమర వచ్చును. కనుక అద్దము పగులగొట్టు పిల్లవానిని తల్లులే మందలించుచుండిరి. పనిలేని కాలమున సున్నము, రంగు, వడ్రంగము పనులను ఆ యింటి మగవారికే అప్పగించెడిది. మెట్లు కడుగుటకు ఆ యింటి ఎదిగిన బాలికలకే కూలి యిచ్చెడిది. ఒక్క గదిలో క్రిక్కిరిసిన సంసారములకు రెండవ గదిని చౌకగా ఇచ్చి విడివిడిగ నుండునట్లు చేసెను.

అద్దె వసూలునకు ఆమె స్త్రీలనే నియమించెను. వారము వారము ఇంటింటికి పోయి, అద్దె పుచ్చుకొని, చిట్టాలో వ్రాసి, కారుచున్న కప్పును చూచి, జబ్బుపడిన బిడ్డను పలుకరించి, పని పోయిన పెద్దకు పని విచారించి వచ్చుట వారి విధి. అద్దె విషయమున ఆమె కఠినురాలు. బాకీ పేరుకొననిచ్చెడిది కాదు. ఎంతకును చెల్లింపనివారిని ఖాళీచేయించెడిది. దయ పేరిట బాకీ పెంచినచో చివరకు ఆ బరువు క్రిందనే సంసారము చితికిపోవునని ఆమె వాదము. యజమాని కూడ తన విధి తప్పరాదు. కప్పు బాగుచేయని యజమానికి అద్దె అడుగు హక్కు లేదని ఆమె నమ్మకము. 1874 నాటికి ఇట్టివి పదునైదు కార్యక్రమములును, సుమారు మూడు వేలమంది కాపురస్థులును ఆమె పర్యవేక్షణ క్రిందికి వచ్చిరి. 1884లో ఇంగ్లండు చర్చి ఆస్తులను చూచు కమిషనరులు సదర్కు పేటలోని తమ ఇండ్లను ఆమెకు అప్పగించిరి. ఆ పేటలోనే కాలిపోయిన కాగితపు మిల్లు స్థలమున ఆమె ఒక తోటయు, చావడియు, చిన్న ఇండ్ల వరుసయు ఏర్పరచెను. పేదవానికి నాలుగు గోడలే గాక కూర్చుండుటకు చెట్టునీడయు కావలెనని పోరాడిన ఆమెయే, 1895లో ఇద్దరు మిత్రులతో కూడి నేషనల్ ట్రస్టును స్థాపించెను.

ఆమెకు గౌరవములు రాకపోలేదు. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవమునకు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీకి, భర్తల హోదా వలన గాక తమ సొంత యోగ్యత వలన, ఆహ్వానింపబడిన ముగ్గురు స్త్రీలలో ఆమె యొకతె. తక్కిన ఇద్దరు ఫ్లారెన్సు నైటింగేలు, జోసెఫైన్ బట్లరు. 1898లో ఆమె మిత్రులు, సహోద్యోగులు చందాలు వేసికొని, ప్రఖ్యాత చిత్రకారుడైన సార్జెంటుచేత ఆమె చిత్రమును వ్రాయించి సభలో సమర్పించిరి. ఆ సభలో ఆమె చెప్పిన సమాధానమే మన ప్రసంగమునకు మూలకందము. తాను పోయిన పిమ్మట తన పద్ధతిని ఒక సూత్రముగా పట్టుకొని, తాను నడచిన త్రోవలో కన్నులు మూసికొని నడువవలదని ఆమె మిత్రులను వేడుకొనెను. కాలము మారును, అవసరములు మారును. రాబోవువారికి తాను విడిచిపోదలచినది తన ఇండ్ల లెక్క కాదనియు, క్రొత్త స్థితిని చూడగల కన్నును, దానికి తగిన ఉపాయము వెదకగల మనస్సును అనియు ఆమె అభిప్రాయము. సన్మానసభలో నిలుచుండి "నన్ను అనుకరింపకుడు" అని చెప్పిన నాయకులు లోకమున ఎందరు కలరు?

ఆ మాట ఆమెకే అవసరమయ్యెను. ఆమె చూపునకును హద్దులుండెను. పురపాలక సంఘములు తామే ఇండ్లు కట్టి అద్దెకిచ్చుట ఆమెకు సమ్మతము కాదు. వృద్ధులకు ప్రభుత్వము పింఛను నిచ్చుటను వ్యతిరేకించెను. స్త్రీలకు వోటు హక్కును కూడ ఆమె కోరలేదు. పేదవాని కష్టమును ఒక్కొక్క కుటుంబముగ చూచుట ఆమె బలము. కూలిరేటు, భూమిధర, పన్నులు అను పెద్ద కారణములను ప్రక్కకు నెట్టుట ఆమె బలహీనత. ఆమె పద్ధతిననుసరించి నడచిన భవనములలో యౌవనమున అద్దె వసూలు చేసిన బియాట్రిస్ వెబ్ తరువాత ఆ సంగతి గ్రహించెను. 1905 నుండి 1909 వరకు నడచిన పేదల చట్టపు రాయల్ కమిషనులో ఇరువురును సభ్యులైరి. హిల్ అధికసంఖ్యాకుల పక్షమున నుండగా, వెబ్ వేరుగ భిన్నాభిప్రాయ నివేదికను సమర్పించెను. ఒక విధమున చూచిన, కన్నులు మూసికొని అనుసరింపవలదన్న పెద్దమాటను ఆచరణలో పెట్టినది వెబ్‌యే.

అయితే పురపాలక సంఘము చేపట్టిన మాత్రముననే అంతయు చక్కబడెనా? 1890 నాటి చట్టము క్రింద లండను కౌంటీ కౌన్సిలు ఓల్డ్ నికల్ అను మురికివాడను సమూలముగ పడగొట్టి, బౌండరీ ఎస్టేటు అను క్రొత్త పేటను కట్టెను. నడుమ మండపముగల గుండ్రని తోట, దాని చుట్టు వెలుగు చొచ్చు ఎర్ర ఇటుకల భవనములు. 1900లో యువరాజు ప్రారంభోత్సవము చేసెను. నేటికిని శిల్పులు దానిని మెచ్చుకొందురు. కాని అచ్చటినుండి కదలింపబడిన ఐదు వేలమందికి పైబడిన పూర్వనివాసులలో క్రొత్త ఇండ్లకు తిరిగివచ్చినవారు పదునొకండుమంది మాత్రమే యని చరిత్రకారులు చెప్పుదురు. అద్దె వారికి అందలేదు. వారు మూటలు కట్టుకొని ప్రక్కపేటల మురికివాడలకు పోయిరి. పేదల పేరిట కట్టిన ఇంటిలో పేదవాడు లేకపోవుట యనగా నిదియే. ఈ విషయమున హిల్ హెచ్చరిక నిజమయ్యెను. ఉన్నవారిని ఉన్నచోటనుంచి బాగుచేయుట ఎంత ముఖ్యమో ఆమె ముప్పది యైదేండ్లకు పూర్వమే పారడైజ్ ప్లేసులో చేసి చూపినది.

ఈ దీపము మన దేశమునకు ఎట్లు వచ్చినదో ఇప్పుడు చెప్పవలెను. స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడ్డిస్ 1885లో ఎడింబరో నగరమున హిల్ పద్ధతినాధారముగ చేసికొని ఒక సంఘమును స్థాపించి, పాత ఇండ్లను బాగుచేయించెను. తానును, భార్య ఆనాయును ఆ మురికిసందులలోనే కాపురము పెట్టిరి. 1914లో ఆయన భారతదేశమునకు బయలుదేరెను. ఆయన నగర ప్రదర్శన సామగ్రి వేరొక ఓడలో వచ్చుచుండగా ఎండెన్ అను జర్మను నౌక దానిని సముద్రములో ముంచివేసెను. మద్రాసుపై గుండ్లు కురిపించిన ఎండెన్ కథ మన పెద్దలకు చిరపరిచితము. ఆ నౌకయే ఇది. మిత్రులు మరల పటములు సేకరించి పంపగా, 1915 జనవరిలో మద్రాసులో ఆ ప్రదర్శన జరిగినది.

గెడ్డిస్ మన పట్టణములను కాలినడకన సందు సందు తిరిగి చూచెను. ఇంజనీరులు పటముపై గీత గీసి, ఆ గీతకు అడ్డమువచ్చిన ఇండ్లన్నింటిని పడగొట్టి వెడల్పైన వీధి వేయుటను ఆయన నిరసించెను. వైద్యుడు పుండు కోసినట్లు, బొత్తిగ పాడైన ఒకటి రెండిండ్లను మాత్రము తీసి, అచ్చట గాలి వచ్చునట్లు చేసి, చెట్టు నాటి, బావిని బాగుచేసి, తక్కిన ఇండ్లను నిలుపవలెనని ఆయన బోధ. ఖర్చు తక్కువ, ఇల్లు పోవువారును తక్కువ. పారడైజ్ ప్లేసులో హిల్ చేసినది ఇల్లు బాగుచేయుట. గెడ్డిస్ దానిని సందుకు, సందునుండి పేటకు పెంచెను. ఆమె అద్దెచిట్టాను ఆయన అనుకరింపలేదు. ఆమె కన్నును మాత్రము వెంట తెచ్చుకొనెను. 1898 నాటి సభలో ఆమె కోరినది ఇట్టి గౌరవమునే కదా!

ఇందూరు నగరమున ఆయన చేసిన దీపావళి ఉత్సవము ప్రసిద్ధము. 1917, 1918 సంవత్సరముల ప్రాంతమున ఆ నగరమును ప్లేగు పీడించుచుండెను. గెడ్డిస్ దీపావళి ఊరేగింపునకు క్రొత్త నియమము పెట్టెను. ఏ వీధుల ఇండ్లు బాగుగా శుభ్రపరుపబడి, మరమ్మతు చేయబడునో ఆ వీధులగుండనే ఊరేగింపు పోవునని చాటించెను. జనులు పోటీపడి ఇండ్లు కడిగి, సున్నముకొట్టి, చెత్తను బండ్లకెత్తిరి. ఆనాటి ఊరేగింపులో ఏనుగులు, సైనికులు, దేవతామూర్తులతో పాటు మురికి రాక్షసుని బొమ్మయు, ప్లేగు ఎలుక బొమ్మయు నడచినవి. వీథులూడ్చు పారిశుద్ధ్యపు పనివారు తెల్లని క్రొత్తబట్టలు కట్టి, పూలమాలలు ధరించి అందు పాల్గొనిరి. తుదకు ఆ రాక్షసుని, ఎలుకను దహించిరి. చీపురు పట్టిన చేతికి పూలమాల వేయుట ఆనాటికి చిన్న విషయము కాదు. ఇండ్లను నిలుపువారిలో కట్టినవాడొక్కడే గాక కడిగినవాడును, కాచినవాడును చేరుదురని ఆ ఊరేగింపు నగరమునకంతకు చాటినది.

మన తెలుగుదేశమున హైదరాబాదు నగరము ఇట్టి అనుభవమును మూసీ వరదల పిమ్మట పొందెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన ఆ వరద వేలకొలది ప్రాణములను బలిగొనెను, ఇండ్లు కొట్టుకొనిపోయినవి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరదనివారణకు మార్గము చూపెను. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, క్రిక్కిరిసిన పేటలను విడదీయుట, రోడ్లు వెడల్పుచేయుటతో పాటు అల్పాదాయము గలవారికి ఇండ్లు కట్టుటను కూడ తన పనిగా పెట్టుకొనెను. గెడ్డిస్ సైతము 1923లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు స్థలనిర్ణయ విషయమున సలహా నిచ్చుటకు హైదరాబాదునకు వచ్చెను. ఉప్పొంగిన నది నగరమునకు నేర్పిన పాఠమేమనగా, పేదవాని ఇల్లు వేరు, నగరపు క్షేమము వేరు కాదు. నీరు మొదట ముంచునది పల్లపు గుడిసెనే యైనను, అచ్చటితో ఆగదు.

ఆక్టేవియా హిల్ 1912 ఆగస్టు 13వ తేదీన మరణించెను. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సమాధి చేయుటకు అవకాశమిచ్చినను, ఆమె కోరిక ననుసరించి క్రాకమ్ హిల్ అను చిన్న గ్రామపు చర్చి ఆవరణలో బంధువులు ఖననము చేసిరి. నూరేండ్ల పిమ్మట, 2012లో, ఆబీలో ఆమె పేరిట ఒక శిలను అమర్చిరి. శిల ఆలస్యముగ వచ్చినదని మనము విచారింపనక్కరలేదు. అంతకు చాల పూర్వమే ఆమె వద్ద పని నేర్చినవారు గృహనిర్వహణను ఒక వృత్తిగా తీర్చిదిద్దిరి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1896లోనే ఆమె పేరిట సంఘము వెలసి, పేదల ఇండ్లను బాగుచేయ మొదలిడెను.

ఇల్లు కల్పించినవారిని గౌరవించుటకు మన దేశమునను ఆచారములు కలవు. కాలనీకి నాయకుని పేరు పెట్టుదుము. ముఖద్వారమున కమాను కట్టుదుము. కూడలిలో విగ్రహము నిలిపి, జయంతికి పూలమాల వేయుదుము. ఇవి తప్పని మేము చెప్పబోవుట లేదు. పేరు మరచిన జాతి మేలును కూడ మరచును. కాని కమానుక్రింద నిలుచున్నప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుట మంచిది. ఈ ఇండ్లు ఎవరి కొరకు కట్టబడినవో వారే లోపల నున్నారా, లేక బౌండరీ ఎస్టేటునందు వలె మూటకట్టుకొని వెడలిపోయిరా? అద్దెగాని, వాయిదాగాని దినకూలివాని చేతికందునదిగా నున్నదా? కప్పు కారినప్పుడు వచ్చి చూచు మనిషి ఒకడున్నాడా? నీటికుళాయివద్ద ఇల్లాలు ఎంతసేపు నిలువవలసి వచ్చుచున్నది?

మన పేటలలో ఇట్టి ప్రశ్నలు అడుగుచు తిరుగువారు ఎప్పుడును కొందరుందురు. ఇండ్లపట్టాల కాగితముల కొరకు ఆఫీసులచుట్టు తిరుగు పెద్దమనిషి, ఖాళీచేయుమన్న నోటీసు వచ్చిన ఇంటికి అర్ధరాత్రియైనను పోయి ధైర్యము చెప్పు పొరుగింటి అక్క, సంఘము పెట్టి నెలకింతయని కూడబెట్టించి రేకుల స్థానమున శ్లాబు వేయించు మేస్త్రి, వీరి పేర్లు చరిత్రగ్రంథములకు ఎక్కవు. వీరికి బిరుదములు రావు. రేడియో పెట్టుకొని తీరికగా ఈ ప్రసంగములు వినుటకు ఒక ఇల్లంటూ ఉన్న మనము, వీరికి చేయగల మర్యాద ఒకటి కలదు. సభచేసి శాలువ కప్పుటకు ముందు, వారు మోయుచున్న కాగితముల కట్టను ఒక దినము మనమును మోయవలెను. వారితో ఆఫీసు మెట్లు ఎక్కవలెను. ఆ కట్టలో ఎవరి ఇంటి కాగితము ఎన్నేండ్లుగా కదలక పడియున్నదో అప్పుడు మనకు తెలియగలదు.